మూడు ‘ఒక’లు: శ్రీశ్రీ ‘సంధ్యా సమస్యలు’లో పరాయి ఊరు

మొగల్తూరులో చేసిన స్మారకోపన్యాసం పాఠం



ఈ సభ ఆహ్వాన పత్రికలో పేరు వెయ్యకుండా ‘మన తెలుగు మాస్టారి స్మృతిలో’ అని మాత్రమే అచ్చువేశారు. మంచి పని చేశారు. తన పేరు గోడలకెక్కించవద్దని చెప్పి మరీ వెళ్ళిన మనిషి ఆయన. తెలుగు మాస్టారు అంటే ఈ ఊళ్ళో ఇంకెవరూ గుర్తుకు రారు, కాబట్టి పేరుతో పనీ లేదు. నేను మాట్లాడబోయేది కూడా పిలుపుల గురించే. పుట్టిన దగ్గర్నుంచీ పదిమందీ పదిరకాలుగా పిలిచిన మనిషి, పిలిచేవాళ్ళు ఒక్కరూ లేని ఊరికి వెళ్ళి పడితే ఏమవుతాడు? ఆ సంగతి మన భాషలో అందరికంటే పొట్టిగా, అందరికంటే గట్టిగా చెప్పిన పద్యం ఒకటుంది. దాన్ని నాకు చూపించింది మాస్టారే.

మేం తొమ్మిదో తరగతిలో ఉన్నాం. ఒక మధ్యాహ్నం ఆయన వాచకం మూసి పక్కన పెట్టి, నల్లబల్ల మీద శ్రీశ్రీ ‘సంధ్యా సమస్యలు’ రాశారు. మహాప్రస్థానంలోది. బల్లలో సగం కూడా నిండలేదు. చేతికంటిన సుద్ద దులుపుకుని, ‘‘ఈ పద్యంలో మద్రాసువాడు ఎవడ్రా?’’ అని అడిగారు. పద్యంలోని ముగ్గురూ మద్రాసువాళ్ళే కదండీ అన్నాం. ‘‘మళ్ళీ చదవండి’’ అన్నారు. చదివాం. ఈలోగా బెల్లు కొట్టారు. జవాబు ఆయన చెప్పలేదు. తర్వాత మద్రాసు నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా అడిగేవాణ్ణి, అప్పుడూ చెప్పలేదు. ‘‘అక్కడే ఉంటున్నావు కదరా, నువ్వే చూడు’’ అనేవారు. చూడ్డానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నాకు దొరికిన జవాబు ఆయనకు ఒప్పజెప్పకుండానే ఆయన వెళ్ళిపోయారు. ఇవాళ మీకు ఒప్పజెబుతున్నాను.

పద్యాన్ని ఇక్కడ చదవను. మహాప్రస్థానం మీలో చాలామంది ఇళ్ళల్లో ఉంది. ఇంటికి వెళ్ళాక మీరే పైకి చదువుకోండి, ఆ లయ మీ గొంతులో పలికితేనే తెలుస్తుంది. సంగతి మాత్రం చెబుతాను. మద్రాసులో సాయంత్రం వేళ. సినిమాకు బయల్దేరిన ఒక విద్యార్థి ఉన్నాడు. రాక్సీలో నార్మా షేరర్, బ్రాడ్వేలో కాంచనమాల. దేనికి పోవాలో అతనికి తేలడం లేదు. ఉడిపి హోటల్లో ఒక ఉద్యోగి కూర్చున్నాడు. బాదం హల్వా తెప్పించుకోవాలా, సేమ్యా ఇడ్లీ తెప్పించుకోవాలా అన్నది అతని ఇబ్బంది. మూడోవాడు సంసారి. ఒకవైపు అప్పులవాళ్ళు, ఒకవైపు ఆకలికి ఏడ్చే పిల్లలు. ఉరి పోసుకోవడమా, సముద్రంలో పడడమా అని అతను ఆలోచిస్తున్నాడు. పద్యం అక్కడితో అయిపోతుంది. ఏ ఒక్కరి సమస్యా తీరదు.

దీన్ని అందరూ చదివే పద్ధతి ఒకటుంది. ఇవి మూడు మెట్లు అంటారు. పై మెట్టు మీద డబ్బున్న కుర్రాడు, నడిమి మెట్టు మీద జీతగాడు, కింద గతిలేనివాడు. వినోదం, తిండి, చావు. అసమానత మీద కొట్టిన దెబ్బగా దీన్ని మెచ్చుకుంటారు. ఆ మాట నిజమే, కాదనను. కానీ ఆకలీ అప్పులూ మద్రాసుకే పుట్టినవా? ఈ డెల్టాలో కాలవలు పారుతున్న ఊళ్ళల్లోనే ఉన్నాయి. అసమానతే చెప్పదలుచుకుంటే శ్రీశ్రీ ఒక పల్లెటూరి వీధి తీసుకున్నా సరిపోయేది. మద్రాసే ఎందుకు తీసుకున్నాడు? సాయంత్రమే ఎందుకు?

మాస్టారి ప్రశ్న దగ్గర మొదలుపెడదాం. ఇందులో మద్రాసువాడు ఎవడు?

నార్మా షేరర్ కెనడాలోని మాంట్రియల్లో పుట్టి హాలీవుడ్‌లో తార అయిన మనిషి. కాంచనమాల తెలుగుపిల్ల, సినిమా కోసం మద్రాసు చేరింది. ఆమె పేరు చూస్తేనే పద్యం ఏ రోజులదో తెలిసిపోతుంది, ‘గృహలక్ష్మి’, ‘మాలపిల్ల’ రెండూ 1938లోనే వచ్చాయి. రాక్సీ, బ్రాడ్వే అన్న పేర్లు చూడండి, రెండూ ఇంగ్లీషువి. ఉడిపి హోటలు పడమటి తీరాన ఉడుపి నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు పెట్టింది. వంటవాడికీ మద్రాసు పరాయి ఊరే, తినేవాడికీ పరాయి ఊరే. పద్యంలో ఒక్క అరవ మాట లేదు, అరవ పేరు లేదు. మద్రాసు మీద రాసిన పద్యంలో మద్రాసు లేదు! వీధిలో, తెర మీద, వంటింట్లో అందరూ ఎక్కడెక్కణ్ణుంచో వచ్చి పడినవాళ్ళే. ఎప్పట్నుంచో ఆ ఊరిదై ఉన్నది ఇందులో ఒకే ఒక్కటి, చివర్లో వచ్చే సముద్రం. ముగ్గురిలోకీ అన్యాయమైపోయిన మనిషి చివరికి ఆ ఊరి సొంతదాన్నే తలుచుకున్నాడు. తలుచుకున్నది అందులో పడిపోవడానికి.

సముద్రం మనకూ ఉంది. పేరుపాలెం ఇక్కడికి ఎంత దూరం? కార్తీకమాసంలో మునగడానికి ఇంటిల్లిపాదీ వెళ్తాం. వేటకు వెళ్ళే వీధులవాళ్ళకి సముద్రం రోజూ చూసే ముఖం లాంటిది. ఏ గాలికి ఎలా ఉంటుందో, ఏ నెలలో ఏ చేప దొరుకుతుందో వాళ్ళకి తెలుసు. మద్రాసు ముందున్నదీ ఇదే బంగాళాఖాతం. ఆ సంసారికి మాత్రం అందులో పడవ కనపడలేదు, వల కనపడలేదు, ఒడ్డున మనిషి కనపడలేదు. అదే నీరు, అదే ఉప్పు. ఎరిగినవాళ్ళు పక్కన లేకపోతే సముద్రం కూడా పరాయిదైపోతుంది.

ఇప్పుడు పద్యంలో నాకు అన్నిటికంటే బరువైన మాట దగ్గరికి వస్తున్నాను. అది చాలా చిన్న మాట, ‘ఒక’. ఒక విద్యార్థి, ఒక ఉద్యోగి, ఒక సంసారి. మూడు చోట్లా మనిషికి ముందు ‘ఒక’ ఉంది, పేరు లేదు. మనం కథ చెప్పేటప్పుడు ‘అనగనగా ఒక రాజు’ అంటాం కాబట్టి ఇది మామూలు మాటలాగే చెవిన పడి జారిపోతుంది. కానీ మొగల్తూరులో మనిషి ఎవరైనా ‘ఒక’గా ఉండగలడా, ఆలోచించండి. కొత్తవాడు బస్సు దిగి పది అడుగులు వేశాడంటే ‘‘ఎవరి తాలూకానండి?’’ అని అడుగుతాం. కుర్రాడైతే ‘‘ఎవరబ్బాయివిరా?’’ అంటాం. ఇంటిపేరు, వీధిపేరు, తాతపేరు, మేనమామ ఊరు చెబితేగానీ వదలం. మనకు మనుషులు ఒక్కొక్కరుగా తెలియరు, ఫలానావారి ఫలానాగా తెలుస్తారు. నగరంలో ఆ ‘ఫలానా’ రాలిపోయి ‘ఒక’ మిగులుతుంది. శ్రీశ్రీ పేరు పెట్టలేక ‘ఒక’ అనలేదు. ఆ ఊరు వాళ్ళను ఎలా చూస్తుందో అలా రాశాడు.

నేను మద్రాసులో దిగిన రోజుల్ని చెబితే ఇది ఇంకొంచెం తెలుస్తుంది. ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పని దొరికింది. ఫోర్‌మన్ నన్ను ‘ప్రూఫ్’ అని పిలిచేవాడు. మెస్సులో ‘రెండో నెంబరు టేబులు’. గది అద్దెకిచ్చినాయన ‘మేడమీదాయన’. వారం రోజుల దాకా నా పేరు నా చెవిన పడలేదు. ఎనిమిదో రోజున పోస్టుమాన్ కింద నిలబడి, మా అమ్మ చెప్పి రాయించిన కార్డు పట్టుకుని, నా ఇంటిపేరూ పేరూ అరవ యాసలో ముక్కలు ముక్కలుగా పిలిచాడు. మేడ మెట్లు నేనెలా దిగానో నాకు ఇవాళ్టికీ గుర్తుంది. ఆ రాత్రి మాస్టారు రాసిన నల్లబల్ల మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. ఆ ముగ్గురిలో ఏ ఒక్కరికీ ఉత్తరం రాలేదనిపించింది.

ఇంకో సంగతి. పద్యంలో ఆ ముగ్గురూ ఒకరికొకరు కనపడరు. ఒకే ఊరు, ఒకే సాయంత్రం. విద్యార్థి సినిమాకు వెళ్ళే దారిలోనే హోటలు ఉండొచ్చు, హోటలు ముందు నుంచే సంసారి బీచి వైపు నడిచిపోయి ఉండొచ్చు. కవి వాళ్ళను పక్కపక్కనే పెట్టాడు గానీ కలపలేదు. మధ్యలో తెల్లకాయితం వదిలాడు. ఉద్యోగి తినకుండా వదిలేసిన ఇడ్లీ, సంసారి బిడ్డ ఆకలి, ఈ రెంటికీ మధ్య ఉన్నది ఆ కాస్త తెల్లకాయితమే. నా మట్టుకు పద్యంలో అతి భయంకరమైన చోటు చివరి పాదం కాదు, ఆ ఖాళీయే.

‘సమస్య’ అన్న మాటను కూడా మనవాళ్ళు తేలిగ్గా తీసుకుంటారు. మాస్టారికి అవధానాలంటే ప్రాణం, ఆయన శిష్యులకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. సమస్య అంటే మనకు కష్టం అన్న అర్థం ఈమధ్యది. సాహిత్యంలో సమస్య అంటే పృచ్ఛకుడు ఇచ్చే చిక్కు పాదం. అర్థం పొసగని పాదాన్ని ఒకడు ఇస్తాడు, అవధాని మిగిలిన మూడు పాదాలూ కట్టి దాన్ని పొసగేలా చేస్తాడు. సమస్య ఇవ్వడానికి ఎదురుగా ఒక మనిషి ఉండాలి, పూరించడానికి ఇంకో మనిషి ఉండాలి, చుట్టూ సభ ఉండాలి. అంటే సమస్య పదిమందిలో పుట్టి పదిమందిలో తీరేది. శ్రీశ్రీ ఆ మాటను తీసుకుపోయి నగరంలో పెట్టాడు. ఇచ్చినవాడెవడో తెలియదు, పూరించేవాడు లేడు, సభ లేదు. సినిమా సమస్యకూ చావు సమస్యకూ ఒకే పేరు పెట్టడం చమత్కారమని కొందరన్నారు. నాకు చమత్కారంగా ఎన్నడూ తోచలేదు. అడగడానికి పక్కన ఎవరూ లేకపోవడం ఆ మూడింటికీ సమానం. మన ఊళ్ళో ఏ సినిమాకు పోవాలో కుర్రాడు ఒక్కడే కూర్చుని తేల్చుకుంటాడా? అరుగు మీద నలుగురు తేలుస్తారు. అప్పులవాడు గుమ్మంలోకి వస్తే మధ్యన పెద్దమనిషి ఒకరు పడతారు. ఆ పెద్దమనిషి న్యాయం చేస్తాడో లేదో తర్వాత సంగతి, మధ్యన పడడానికంటూ ఒకరున్నారు.

మూడోవాడి దగ్గరికి వచ్చేసరికి కవి ‘ఘనీభవించడం’ అన్న మాట వాడాడు. మొదటి ఇద్దరికీ సమస్య ఎదురైంది, అంతే. కాసేపట్లో తేలిపోతుంది. మూడోవాడికి గడ్డకట్టింది. నెయ్యి పేరుకున్నట్టు, నెత్తురు గడ్డకట్టినట్టు. కరిగించడానికి వేడి కావాలి, ఆ వేడి ఇంకో మనిషి దగ్గరే దొరుకుతుంది. శ్రీశ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చదివినవాడు. ఆ మాట అతనికి ఊరికే వచ్చిందనుకోను.

సంధ్య వేళనే ఎందుకు ఎంచుకున్నాడో కూడా చెప్పాలి. పొద్దున పనుంటుంది, ‘ఒక’ అన్నది మనసుకు తట్టదు. రాత్రయితే నిద్ర పడుతుంది. సాయంత్రమే కష్టం. గూటికి పక్షి, కొట్టానికి గొడ్డు, ఇంటికి మనిషి చేరే వేళ అది. ఇల్లు లేని ఊళ్ళో ఆ వేళకు కాళ్ళు ఎటు నడవాలో తెలియదు. ‘అటా ఇటా’ అన్న ఊగులాట పద్యమంతా నడుస్తుంది. దిక్కు తెలిసినవాడు అటా ఇటా అనడు. పరాయి ఊళ్ళో కొన్నాళ్ళున్న ఎవర్ని అడిగినా చెబుతారు, సాయంత్రాలే గడవవు అని.

మద్రాసు మనకు పరాయిదేమిటండీ అని మీలో పెద్దవాళ్ళు అడగొచ్చు. సరైన ప్రశ్నే. ఆ రోజుల్లో మన రాజధాని అది. హైకోర్టు అక్కడే, పత్రికలు అక్కడే, సినిమాలు అక్కడే. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయ్యాక కాలవలు పెరిగాయి. కాకినాడలో పడవెక్కితే ఏలూరు కాలవ మీదుగా కృష్ణకీ, అక్కణ్ణుంచి కొమ్మమూరు కాలవ మీద పెదగంజాం దాకా, ఆ పైన బకింగ్‌హామ్ కాలవ మీద మద్రాసు దాకా నీళ్ళ మీదే పోయేవాళ్ళు. మన కాలవ ఎక్కిన పడవ మద్రాసులో దిగేది. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణం వదిలింది ఆ ఊళ్ళోనే, 1953 అక్టోబరు 1న మనకు రాష్ట్రం వచ్చింది ఆ ఊరిని వదులుకునే. పద్యంలోని సినిమాహాలు పేరు గల ఆ బ్రాడ్వే వీధికి తర్వాత మన ప్రకాశం పంతులి పేరు పెట్టారు. అంత దగ్గరిది. ఆ దగ్గరితనమే ఈ పద్యాన్ని గొప్పది చేసిందని నా అభిప్రాయం. మనదనుకుని వెళ్ళిన ఊరు మనల్ని తనవాళ్ళనుకోకపోవడం, తెలియని దేశానికి వెళ్ళి తెలియనివాడిగా ఉండడం కంటే ఎక్కువ నొప్పి. శ్రీశ్రీ విశాఖ నుంచి మద్రాసు వెళ్ళి క్రిస్టియన్ కాలేజీలో చదివాడు, అక్కడే పత్రికలో ఉద్యోగం చేశాడు, అక్కడే సంసారం ఈదాడు, 1983 జూన్ 15న అక్కడే పోయాడు. పద్యంలోని మూడు వేషాలూ ఆయన వేసినవే.

పట్నంలో నలిగిన కవి ఆయనొక్కడే కాదు. మహాప్రస్థానం తెరవగానే కనిపించేది కొంపెల్ల జనార్దనరావు పేరు. పుస్తకం అంకితమిచ్చింది ఆయనకే. మద్రాసులో ‘ఉదయిని’ పత్రిక కోసం ఒళ్ళు హూనం చేసుకుని 1937లో క్షయతో పోయాడు. జగిత్యాల నుంచి హైదరాబాదు వచ్చి ‘సిటీ లైఫ్’ రాసిన అలిశెట్టి ప్రభాకర్‌ని 1993లో పట్టుకుపోయిందీ ఆ జబ్బే. కుందుర్తి ‘నగరంలో వాన’ రాశాడు, పఠాభి 1939లోనే ‘ఫిడేలు రాగాల డజన్’లో మద్రాసును కొత్త కళ్ళతో చూపించాడు. వాటి మీద విడిగా మాట్లాడాలి. పఠాభికి నగరం ఆటస్థలం, కుందుర్తికి కాపురం. శ్రీశ్రీ పద్యంలో ఉన్న ఒంటరితనం వాటిలో వెతకడం న్యాయం కాదు.

ఇక నేను ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఇందాకటి నుంచీ ‘ఎవరి తాలూకా’ అన్న ప్రశ్నను నేను ఆప్యాయతగా చెబుతున్నాను. ఈ సభలోనే ఆ ప్రశ్న వింటే ఒళ్ళు ముడుచుకునేవాళ్ళున్నారు. ‘ఎవరబ్బాయివి’ అన్నది అందరికీ పలకరింపు కాదు. కొందరికి అది ఎక్కడ ఆగాలో చెప్పే ప్రశ్న. ఏ అరుగు ఎక్కకూడదో, ఏ గ్లాసు ముట్టకూడదో ఆ జవాబును బట్టి తేలేది. జాషువా 1941లో ‘గబ్బిలం’ రాస్తూ, మనిషికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలాన్ని దూతగా పంపింది అందుకే. సొంత ఊళ్ళోనే పరాయివాడైన మనిషికి పట్నం ఇచ్చే ‘ఒక’ శాపం కాదు, వరం. సినిమాహాల్లో ఎక్కడ కూర్చోవాలో కులం చెప్పదు, టిక్కెట్టు చెబుతుంది. కాంచనమాల ‘మాలపిల్ల’లో వేసింది దళిత యువతి వేషం. ఆ కథ చలంది. మహాప్రస్థానానికి ‘యోగ్యతా పత్రం’ రాసిందీ ఆ చలమే. హోటలు సంగతి అంత తేలిక కాదు, మద్రాసు హోటళ్ళలో కులం బోర్డులు చాలాకాలం వేలాడాయి, 1957లో పెరియార్ వాటి మీద ఉద్యమమే నడపాల్సి వచ్చింది. అయినా పేటలో పుట్టిన కుర్రాడు పట్నం వీధిలో నడుస్తూ ‘నన్నెవరూ అడగడం లేదు’ అనుకున్నప్పుడు పీల్చిన ఊపిరి ఉంది చూశారూ, ఆ ఊపిరి శ్రీశ్రీ పద్యంలో లేదు. ఆ లోటు లోటే. నేను ఆ పద్యాన్ని ప్రేమిస్తూనే ఈ మాట చెబుతున్నాను. ‘ఒక’ అన్న మాటకు రెండు అంచులున్నాయి, పద్యం ఒక అంచునే పట్టుకుంది.

లేనిది ఇంకొకటి ఉంది. ఆడమనిషి లేదు. ఉన్న ఇద్దరు స్త్రీలూ తెర మీది బొమ్మలు. సంసారి ఇంట్లో పిల్లల ఏడుపు వినిపిస్తుంది, వాళ్ళ తల్లి కనిపించదు. ఆమె ఏమైంది? ఆ సాయంత్రం ఆమె సమస్య ఏమిటి? మన జిల్లాలో పుట్టిన నాకు ఆ ప్రశ్న తప్పించుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే ఇక్కణ్ణుంచి పరాయి ఊరికి వెళ్ళింది మగవాళ్ళు మాత్రమే కాదు.

పద్యం రాసిన రోజుల్లో మన తీరానికి మద్రాసు ఎంతో రంగూనూ అంతే. కాకినాడలో ఓడెక్కి కూలికి వెళ్ళేవాళ్ళు. కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్ళందర్నీ అక్కడ ‘కోరంగీ’లన్నారు. 1930 మేలో రంగూను రేవు పనుల దగ్గర బర్మా కూలీలకీ తెలుగు కూలీలకీ మధ్య అల్లర్లు చెలరేగి ఎంతోమంది చచ్చిపోయారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక నడిచి వచ్చినవాళ్ళు నడిచి వచ్చారు, దారిలో పోయినవాళ్ళు పోయారు. పరాయి ఊరు మొదట మనిషి పేరు తీసేస్తుంది. తర్వాత తనకు వీలైన పేరు పెడుతుంది. ‘కోరంగీ’ అన్నది అలాంటి పేరే.

ఇవాళ మన నరసాపురం, మొగల్తూరు, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, కోనసీమ నుంచి ఆడవాళ్ళు కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్తున్నారు. లేసు అల్లిన చేతులు, నాట్లు వేసిన చేతులు అక్కడ అంట్లు తోముతున్నాయి, ఇంకొకరి పిల్లల్ని ఎత్తుకుంటున్నాయి. ఈ ఉపన్యాసం కోసం నేను వచ్చిన మర్నాడు, మన మండలంలోనే, అక్కడ పదకొండేళ్ళు చేసి వచ్చిన ఒకావిడ దగ్గర కూర్చున్నాను. ‘‘అక్కడ నన్ను హిందీ అని పిలిచేవోరండి. నాకు హిందీ ఒక్క ముక్క రాదండి’’ అంది. అరబ్బీలో హిందీ అంటే హిందూదేశపు మనిషి అని అర్థమని ఆమెకు మూడేళ్ళ తర్వాత తెలిసిందట. ఇంకో పేరు ఖద్దామా, పనిమనిషి అని. ముప్పై ఏళ్ళు నిండనిదే ఇంటిపనికి వలస అనుమతి ఇవ్వరు కాబట్టి వయసు పెంచి రాయించుకుని వెళ్ళినవాళ్ళున్నారు. ఆమే అలా వెళ్ళింది. పేరు పోయింది, పుట్టిన సంవత్సరమూ మారింది. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే యజమాని దగ్గర. అకామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే కార్డు, చేతిలో. ‘‘సాయంత్రాలు ఎలా గడిచేవమ్మా?’’ అని అడిగాను, పద్యం మనసులో ఉంది కాబట్టి. ‘‘సాయంత్రం ఏటండి, పని రాత్రి పన్నెండు దాకా’’ అంది.

ఆ జవాబు దగ్గర నేను ఆగిపోయాను. శ్రీశ్రీ మనుషులకు కనీసం సంధ్య ఉంది. అటా ఇటా అని ఊగడానికి కాస్త తీరిక ఉంది. ఆమెకు అదీ లేదు. శుక్రవారం రాత్రి పావుగంట ఫోను. పావుగంటలో ఎవరితో మాట్లాడాలి? పెద్దదానితోనా, ఇంకా మాట సరిగ్గా రాని చిన్నాడితోనా? అప్పు సంగతి అడగాలా, జ్వరం సంగతి అడగాలా? ఇదీ ఒక సమస్యే, పూరించడానికి ఎదురుగా ఎవరూ లేని సమస్య. పద్యంలో కనపడని ఆ తల్లి ఈమే అనిపించింది. మనం ‘సంసారి’ అన్న మాటతో మగవాణ్ణే ఊహించుకుంటాం. ఇక్కడ ఎన్ని ఇళ్ళల్లో అప్పు తీర్చినదీ, ఇల్లు లేపినదీ, పిల్లల ఫీజు కట్టినదీ ఆమె! 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌లోకి వచ్చినప్పుడు, అమ్మాన్ మీదుగా విమానాల్లో లక్ష మందికి పైగా భారతీయుల్ని మన దేశం వెనక్కి తెచ్చుకుంది. ఆ రోజుల్లో మా వీధిలో ట్రాన్సిస్టరు చుట్టూ కూర్చుని వార్తలు విన్న ముసలమ్మలు నాకు తెలుసు. వార్తల్లో అంకెలే చెప్పేవారు. వాళ్ళు పేరు కోసం వినేవారు.

మన ఊరి పేరు దేశమంతా తెలుసు. ఇక్కణ్ణుంచి మద్రాసు వెళ్ళిన కృష్ణంరాజు గారు 1966లో, చిరంజీవి గారు 1978లో తెర మీదికి వచ్చి, రాక్సీ, బ్రాడ్వే లాంటి హాళ్ళలో ఎందరో ‘ఒక విద్యార్థు’లకు సాయంత్రాలు నింపారు. మనకు గర్వమే. కానీ ఈ ఊరి నుంచి వెళ్ళి, ఏ తెర మీదా ఏ పద్యంలోనూ కనపడకుండా తిరిగివచ్చినవాళ్ళు, తిరిగి రానివాళ్ళు అంతకంటే చాలామంది. వాళ్ళ గురించి పెద్ద పద్యం ఇంకా రాలేదు. అమెరికా వెళ్ళినవాళ్ళు తమ పరాయితనాన్ని తామే రాసుకున్నారు. కువైట్ వెళ్ళినామెకు రాసుకునే తీరిక లేదు, కొందరికి రాయడమే రాదు. వాళ్ళు మాటలు పంపారు. మొదట్లో ఎవరిచేతో రాయించిన ఉత్తరాలు, తర్వాత క్యాసెట్లలో నింపి, ఊరికి వచ్చేవాళ్ళ పెట్టెలో పెట్టిన గొంతులు, ఇప్పుడు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు.

మాస్టారి ప్రశ్నకు నా జవాబు ఇది: ఆ పద్యంలో మద్రాసువాడు ఒక్కడూ లేడండి. అందరూ మనలాగా వెళ్ళినవాళ్ళే. ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోలేదు, అంతే.

చివరిగా ఈ సభను ఒకటి కోరతాను. మీ ఇళ్ళల్లో ఇనప్పెట్టెల అడుగున, అటకల మీద రంగూను నుంచి తాతలు రాసిన కార్డులుంటే, మస్కట్ నుంచి అమ్మ పంపిన క్యాసెట్లుంటే పారేయకండి. టేపు బూజు పట్టకముందే పిల్లలచేత వినిపించుకుని, ఆమె ఎలా పలికిందో అలాగే, యాస దిద్దకుండా ఒక నోటుపుస్తకంలో ఎక్కించండి. పైన ఆమె పేరూ ఇంటిపేరూ రాయండి. నోటుపుస్తకాల ఖర్చు నాది. మాస్టారి ఇంట్లో ఆయన పుస్తకాల బీరువాలో ఒక అర ఖాళీ చేసి ఉంచమని వాళ్ళ పెద్దమ్మాయి గారిని అడిగాను, సరే అన్నారు. రేపు ఆదివారం నేను అక్కడే ఉంటాను, తీసుకురండి.